జమ్ములో నక్కిన పిట్ట: ఆకు అడ్డం రాకుండా ఫొటో తీయడం వెనుక లెక్క

చెరువు గట్టు మీద నుంచి జమ్ము వైపు లెన్స్ తిప్పిన వాళ్లకు మొదట్లో దక్కే ఫొటో దాదాపు ఒకేలా ఉంటుంది. ముందున్న ఆకు గీత గీసినట్టు స్పష్టంగా, దాని వెనుక గోధుమరంగు మసక. ఆ మసకే పిట్ట. దీనికి ఎక్కువమంది వేసే మందు ఇంకా పొడుగు లెన్స్. 300 మి.మీ. పోయి 400, అది పోయి 600 వస్తుంది. ఆకు మాత్రం అక్కడే ఉంటుంది, ఇంకాస్త పెద్దదిగా.

క్రేకులు, రెయిళ్లు (నీటికోడి కుటుంబపు పిట్టలు), బిట్టర్న్‌లు (జమ్ములో నక్కే కొంగలు), రంగుల ఉల్లంకి (పెయింటెడ్ స్నైప్) లాంటివి గుబురులోనే పుట్టి గుబురులోనే బతికే పక్షులు. వీటి ఫొటో కుదరడం, కుదరకపోవడం ముందుగా తేలేది మూడు దూరాల దగ్గర: లెన్స్‌కీ ఆకుకీ మధ్య దూరం, ఆకుకీ పిట్టకీ మధ్య దూరం, పిట్టకీ దాని వెనుక ఉన్నదానికీ మధ్య దూరం. కెమెరా ఖరీదు ఆ తర్వాతి సంగతి.

లెక్క ఎలా నడుస్తుందంటే

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. కిటికీకి దోమల జాలీ ఉంటే లెన్స్‌ని జాలీకి దాదాపు ఆనించి, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే లెన్స్ తెరుపు) పూర్తిగా తెరిచి, బయట చెట్టు మీద ఫోకస్ చేయండి. జాలీ మాయమైపోతుంది. మహా అయితే ఫొటో కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు రెండు మీటర్లు వెనక్కి జరిగి అదే చెట్టు మీద ఫోకస్ పెట్టండి. జాలీ గళ్ల జాడ ఫొటోలోకి వచ్చేస్తుంది. జాలీ మారలేదు, చెట్టూ మారలేదు.

కారణం ఇది. పిట్ట కంటి దగ్గర ఒక్క చుక్క నుంచి బయల్దేరిన వెలుతురు లెన్స్ దాకా వచ్చేసరికి శంకువులా విచ్చుకుంటుంది. ఆ శంకువు మొన పిట్ట కంటి దగ్గర, వెడల్పు వైపు లెన్స్ దగ్గర. ఆ వెడల్పు ఎంతో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే చాలు. 600 మి.మీ. లెన్స్ ఎఫ్ 6.3 దగ్గర ఉంటే 95 మి.మీ. వస్తుంది. పిట్ట 10 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మధ్యలో సెంటీమీటరు వెడల్పున్న ఒక్క జమ్మాకు అడ్డుంది.

ఆ ఆకు లెన్స్‌కి మీటరు దూరంలో ఉంటే, అక్కడ శంకువు వెడల్పు సుమారు 86 మి.మీ. ఆకు అడ్డుకునేది అందులో పన్నెండు శాతం. మిగతా వెలుతురంతా ఆకు పక్కల నుంచి వచ్చి పిట్టను పూర్తిగా గీస్తుంది. అదే ఆకు పిట్టకు మీటరు ముందు, అంటే మన నుంచి 9 మీటర్ల దూరంలో ఉంటే, అక్కడ శంకువు 9.5 మి.మీ. మాత్రమే. ఆకు వెడల్పు 10 మి.మీ. కాబట్టి ఆకు వెనుక పడిన భాగం నుంచి చుక్క వెలుతురు కూడా లెన్స్‌కి చేరదు. ఎంత మంచి లెన్స్ అయినా, ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడినా, రాని వెలుతురును తెచ్చిపెట్టలేవు.

కాబట్టి మన ముక్కు దగ్గరి ఆకుల గురించి బెంగ అక్కర్లేదు. పిట్ట ముక్కు దగ్గరి ఆకులే చెడగొడతాయి. గుబురులో కొత్తగా ఫొటోలు తీసేవాళ్లు తమ ముందున్న గడ్డిని తప్పించుకోవడానికి లేచి నిలబడతారు, పక్కకు జరుగుతారు, గడ్డిని తొక్కుతారు. ఈ కదలికలకే పిట్ట వెళ్లిపోతుంది. ఆ గడ్డిలోనే మునిగి కూర్చుంటే, దాన్ని లెన్స్ మూతికి తగిలేంత దగ్గరగా ఉంచుకుంటే అదే చాటు అవుతుంది, ఫొటోలో కనిపించదు కూడా.

దీనికి రెండు మెలికలున్నాయి. ఒకటి, ఒక్కో ఆకు పన్నెండు శాతం అడ్డుకుంటే అయిదారు ఆకులు కలిసి సగానికి పైగా అడ్డుకుంటాయి. అప్పుడు ఫోకస్ తడబడుతుంది, ఫొటో చప్పగా వస్తుంది. రెండు, అడ్డొచ్చిన ఆకు పిట్ట వెలుతురును ఆపడంతో సరిపెట్టుకోదు, తన వెలుతురును కూడా కలుపుతుంది. ఎండ పడి మెరిసే ఆకు లెన్స్ ముందుంటే ఫొటో అంతా పచ్చటి పొగ కమ్మినట్టు ఉంటుంది. నీడలో ఉన్న ఆకు అయితే పెద్దగా తెలియదు. అందుకే మన దగ్గరి గడ్డి మీద ఎండ పడకుండా, పిట్ట తిరిగే చోట వెలుతురు ఉండేలా చోటు ఎంచుకోవాలి. గొడుగో నల్లగుడ్డో అడ్డంపెట్టి లెన్స్ ముందరి రెండు మూడు ఆకుల మీద నీడ పడేలా చేసినా తేడా వెంటనే కనిపిస్తుంది.

పిట్ట మొత్తం స్పష్టంగా రావాలని అపర్చర్ మూసేసే అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. అదే 600 మి.మీ. లెన్స్‌ని ఎఫ్ 11కి మూస్తే తెరుపు 95 నుంచి 54 మి.మీ.కి కుదించుకుపోతుంది. మీటరు దూరంలోని ఆకు ఇప్పుడు అయిదో వంతు వెలుతురును మింగుతుంది, దాని అంచులు కూడా కనిపించడం మొదలవుతాయి. మరి ఫోకస్ లోతు, అంటే ముందు నుంచి వెనక్కి ఎంత మేర స్పష్టంగా వస్తుందన్న సంగతి? ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో 10 మీటర్ల దగ్గర ఎఫ్ 6.3కి సుమారు 10 సెం.మీ., ఎఫ్ 9కి 15 సెం.మీ. లోతు దక్కుతుంది. 22 సెంటీమీటర్ల క్రేక్ పక్కకు తిరిగి ఉంటే 10 సెంటీమీటర్లు చాలు. ఎదురుగా వస్తుంటే ఎఫ్ 11 కూడా తోకదాకా చాలదు. అప్పుడు కన్ను, ముక్కు తేలితే చాలనుకోవాలి. గుబురులో పూర్తిగా తెరిచి ఉంచడమే మేలు. ముందు అడ్డేమీ లేని తడినేల మీదికి పిట్ట వచ్చాక కావాలంటే మూసుకోవచ్చు.

చిన్న సెన్సర్ ఉన్న సూపర్‌జూమ్ కెమెరాలతో ఆకులు ఎక్కువ గట్టిగా కనిపించడానికీ కారణం ఇదే. డబ్బా మీద రాసిన జూమ్ ఎంత పెద్దదైనా, అసలు తెరుపు ఎన్ని మిల్లీమీటర్లన్నదే లెక్కలోకి వస్తుంది. 300 మి.మీ. ఎఫ్ 4 లెన్స్‌కి 75 మి.మీ., 400 మి.మీ. ఎఫ్ 5.6కి 71 మి.మీ. తెరుపు ఉంటుంది. పాత లెన్సులైనా గుబురులో బాగా పనిచేస్తాయి.

నేలకు ఆనాలా, గట్టెక్కాలా

పక్షుల ఫొటోల్లో ఎవర్ని అడిగినా వినిపించే సలహా, పిట్ట కంటి ఎత్తుకు దిగమని. నీటి అంచున తిరిగే ఉల్లంకులకు అది తిరుగులేని మాట. గుబురు పక్షుల దగ్గర సగమే నిజం.

ముందు అది నిజమయ్యే సగం. కెమెరా నేలకు మీటరున్నర ఎత్తులో, పిట్ట 10 మీటర్ల దూరంలో, దాని కన్ను నేలకు 10 సెం.మీ. ఎత్తులో ఉంటే, మన చూపు పిట్టను దాటిన 70 సెంటీమీటర్లకే నేలను తాకుతుంది. అంటే ఫొటోలో పిట్ట వెనుక కనిపించేది దాని వెనుక ముప్పాతిక మీటరు కూడా దూరం లేని బురద, పుల్లలు, కుళ్లిన గుర్రపుడెక్క. అదంతా సగం ఫోకస్‌లో ఉండి గజిబిజి చేస్తుంది. కెమెరాను 30 సెంటీమీటర్లకు దించితే అదే చూపు పిట్ట వెనుక 5 మీటర్ల దాకా పోతుంది. వెనుక అంతా మెత్తటి రంగుగా మారిపోతుంది.

రెండో సగం. నేలకు దించిన చూపు అన్ని కాడలనూ అడ్డంగా దాటుకుంటూ పోవాలి. మనకూ పిట్టకూ మధ్య తుంగ ఉంటే, ముఖ్యంగా పిట్టకు దగ్గర్లో ఉంటే, పడుకుని సాధించేది ఏమీ ఉండదు. గట్టు మీద నుంచి చూస్తే కాడల మధ్య నేల కనిపిస్తుంది. కాబట్టి ఎత్తును నిర్ణయించేది పిట్ట ముందున్న ఖాళీ. ముందు మీటరున్నరో రెండు మీటర్లో బురదో, పలుచటి నీరో ఉంటే దిగండి. లేకపోతే గట్టు మీదే ఉండి, వెనుక గజిబిజిని ఒప్పుకోండి. మధ్యేమార్గంగా కారు కిటికీ ఎత్తు, అంటే మీటరు పైచిలుకు, చాలాచోట్ల సరిపోతుంది.

వరి చేలల్లో ఇంకో కిటుకు ఉంది. వానాకాలం పైరులో తిరిగే వాటర్‌కాక్ మగపక్షి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య నల్లగా, నుదుటి మీద ఎర్రటి కొమ్ములాంటి బిళ్లతో ఉంటుంది. ఆ కాలం దాటితే ఆడపక్షిలాగే గోధుమరంగుకు మారిపోతుంది. మిషన్‌తో నాటిన చేనైతే సాళ్లు తిన్నగా ఉంటాయి. సాళ్లకు అడ్డంగా చూస్తే పచ్చటి గోడ, సాళ్ల వెంట చూస్తే సందులు. పిట్ట ఒక సాలు దాటి ఇంకో సాల్లోకి వెళ్లే అర సెకనులో కనబడుతుంది. వెదజల్లిన చేలో ఈ ఆశ లేదు. అక్కడ అది గట్టెక్కే పొద్దువాలే వేళ కోసం కూర్చోవాల్సిందే.

సందును వెతకండి, పిట్టను కాదు

రెయిళ్లు, క్రేకుల ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటుంది. కాడల మధ్య దూరాన్ని బట్టి తీర్చిన ఒళ్లు అది. ఎగరగలిగినా, బెదిరితే సాధారణంగా ఎగరవు. తల వంచి గుబురులోకి పరుగెత్తుతాయి. వెంబడిస్తే ఒరిగేది శూన్యం. కానీ వాటికి ఒక అలవాటుంది. రోజూ అవే దారుల్లో తిరుగుతాయి. జమ్ము మొదళ్లలో పిడికిలి పట్టేంత సొరంగాలుంటాయి. వాటి నోళ్లు తడి అంచున తెరుచుకుంటాయి. బురద మీద సన్నని వేళ్ల అడుగుల గుర్తులు, తెల్లటి రెట్ట, తొక్కి పరిచినట్టున్న గడ్డి ఉన్న నోరు వాడుకలో ఉన్నట్టు. పిట్ట బెదిరి లోపలికి పోయినా, మనం కదలకుండా ఉంటే కాసేపటికి అదే నోటి నుంచో దాని పక్క నోటి నుంచో తల బయటపెడుతుంది.

అందుకే కూర్చునే చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది సందును: రెండు గుబుళ్ల మధ్య ఒకటి రెండు మీటర్ల తెరిపి, అడుగున రెండు మూడు సెంటీమీటర్లకు మించని నీరు లేదా తడి బురద, సందుకు అటూ ఇటూ దాక్కునే చోటు. నీరు ఎక్కువైతే చిన్న క్రేక్ సాధారణంగా దిగదు. గుర్రపుడెక్క మీద నుంచి నడిచిపోతుంది. గుబుళ్ల మధ్య తెరిపి మరీ వెడల్పైతే దాటదు, లేదా ఒక్క పరుగులో దాటేస్తుంది.

నీటిమట్టం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద మాట. అక్టోబరు, నవంబరుల్లో చెరువు నిండుగా ఉన్నప్పుడు జమ్ము మొదళ్లు నీళ్లలో ఉంటాయి. పిట్టలు లోపలే తిరుగుతాయి. జనవరి దాటి నీరు వెనక్కి తగ్గేకొద్దీ గుబురుకీ నీటికీ మధ్య బురద పట్టీ బయటపడుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆ పట్టీ మీదే పురుగులు, నత్తలు, మేత. బెయిలన్స్ క్రేక్ మన వైపు చలికాలపు అతిథి. వెళ్లిపోయే ముందు అది ఈ పట్టీ మీద బాగా దొరుకుతుంది. నీలికంఠపు బ్లూత్రోట్ కూడా చలికాలంలో ఇదే అంచున నేల మీద గెంతుతూ తిరుగుతుంది. ఎర్రరొమ్ము రడ్డీ బ్రెస్టెడ్ క్రేక్, దాలచిన చెక్క రంగు సినమన్ బిట్టర్న్ ఇక్కడివే. వానాకాలంలో వాటి అరుపులు ఎక్కువ, కనబడడం తక్కువ.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరుకు 1999లో అభయారణ్యం హోదా, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల) గుర్తింపు వచ్చాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులను చూసి వెనుదిరుగుతారు. గుబురు పక్షులకు అది సరైన చోటు కాదు. జమ్ము, కిక్కిస, లొట్టపీసు పెరిగిన కాలవ గట్లు, వాడకం తగ్గి తుంగ మొలిచిన చేపల చెరువుల అంచులు చూడాలి. తెలంగాణలో ఊరి చెరువుల శిఖం వైపు, అలుగు దిగువ నీరు నిలిచే చోట ఇలాంటి సందులే ఉంటాయి. పెద్ద పేరున్న సరస్సుల కన్నా, పక్కనే రోడ్డు ఉండి జనం తిరిగే చిన్న కుంటలో క్రేకులు మనిషికి అలవాటుపడి త్వరగా బయటికొస్తాయి.

వేళ అంటారా, తెల్లవారాక మొదటి గంటన్నర, పొద్దువాలే ముందు గంట. వెలుతురు రాకముందే వచ్చి కూర్చోవాలి. వెలిగాక నడిచొచ్చి కూర్చుంటే ఆ గంటన్నరలో సగం పిట్టలు సర్దుకోవడానికే పోతుంది. గాలి లేని చోట ఒక్క కాడ మాత్రం ఊగుతుంటే, నీటి మీద కాడ మొదలు చుట్టూ చిన్న అలల వలయాలు లేస్తుంటే, అక్కడికి లెన్స్ తిప్పి ఆగండి. పైన గద్ద తిరిగితే అన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అది దాటాక అయిదు పది నిమిషాలు ఓపిక పట్టాలి.

బిట్టర్న్ వ్యవహారం వేరు. అది పరుగెత్తకుండా బిగుస్తుంది. ముక్కు ఆకాశానికెత్తి, ఒళ్లు సాగదీసి, మెడ మీది నిలువు చారలు మనవైపు తిప్పి, గాలికి జమ్ము ఊగితే తానూ ఊగుతుంది. ముక్కు పైకెత్తినా దాని కళ్లు కిందికి, ముందుకు చూడగలవు. ఆ భంగిమలో ముక్కు కింద రెండు పసుపు కళ్లూ ఒకేసారి మనల్ని చూస్తుంటాయి. అలా నిలబడిందంటే మనల్ని పసిగట్టినట్టే. దాన్ని దగ్గరకు లాగి తల మాత్రమే తీయడం కన్నా, వెడల్పుగా తీసి జమ్ములో అది కలిసిపోయిన తీరు చూపిస్తే ఫొటోకు అర్థం ఉంటుంది. పదిహేను ఫ్రేములు తీసి వెనక్కి తగ్గితే దాని వేట అది చేసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఫొటోలే అసలైనవి.

ఫోకస్ ఎందుకు పారిపోతుంది

ఆటోఫోకస్ కాంట్రాస్ట్ ఎక్కువున్న గీతల కోసం వెతుకుతుంది. జమ్ములో అలాంటి నిలువు గీతలకు కొదవలేదు. బూడిద, గోధుమ రంగుల పిట్ట నీడలో ఉంటుంది, ఎండ తగిలిన ఎండుకాడ దాని ముందు తళతళలాడుతుంటుంది. కెమెరా దేన్ని పట్టుకుంటుందో చెప్పనక్కర్లేదు.

పక్షి కన్ను గుర్తించే సదుపాయం కొత్త కెమెరాల్లో చాలా మెరుగైంది. గుబురులో పూర్తిగా దాని మీద వదిలేస్తే మోసపోతారు. నీటి బుడగ, ఎండుకాయ, ఆకు చిల్లు, అన్నీ దానికి కళ్లే. ఫ్రేమ్ మొత్తం వెతకనివ్వకుండా, వెతికే ప్రాంతాన్ని చిన్న పెట్టెకు కుదించి ఆ పెట్టెలో మాత్రమే కన్ను గుర్తింపును ఆన్ చేయడం మంచి ఏర్పాటు. ఆ వీలు లేని కెమెరాలో ఒక్క చుక్క దగ్గరే ఫోకస్ చేసే సింగిల్ పాయింట్, అందులోనూ చిన్నది, వాడాలి. జోన్, వైడ్ మోడ్‌లు గుబురులో దండగ.

ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనుక బటన్‌కి మార్చుకోవడం తప్పనిసరి అని చెప్పాలి. సందు అంచున ఉన్న బురద మీద ముందే ఫోకస్ చేసి బటన్ వదిలేస్తారు. పిట్ట వచ్చి ఆ గీత మీదికి రాగానే షట్టర్ నొక్కుతారు. కెమెరా మళ్లీ వెతకదు, కాడ మీదికి దూకదు. పిట్ట ఆ గీతకు అటు ఇటు అయితే ఫోకస్ రింగ్‌ని వేలితో కొద్దిగా తిప్పి సరిచేసుకోవాలి. ఆటోఫోకస్‌లో ఉండగానే రింగ్ పనిచేసే లెన్సులే ఇప్పుడు ఎక్కువ. కొన్ని కెమెరాల్లో ఆ వీలును మెనూలో ఆన్ చేయాలి. ఫోకస్ వెనుక గుబురు మీదికి పోయి ఇరుక్కుపోయినప్పుడు మళ్లీ మళ్లీ బటన్ నొక్కితే అక్కడే ఇరుక్కుంటుంది. ముందు రింగ్‌తో దగ్గరికి లాగి, పిట్ట కాస్త ఆకారంగా కనపడ్డాక బటన్ నొక్కితే అప్పుడు పట్టుకుంటుంది.

లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ మీట ఉంటే పిట్ట దూరాన్ని బట్టి పెట్టుకోవాలి. దగ్గరి ఆకుల మీదికి పోకుండా, లేదా దూరపు ఒడ్డు మీదికి పోకుండా అది ఆపుతుంది. రెండూ ఒకేసారి ఆపే లెన్సులు తక్కువ. ట్రాకింగ్ ఎంత పట్టుగా ఉండాలన్న సెట్టింగ్‌ని గుబురులో పట్టు ఎక్కువ వైపు ఉంచుతారు. నడిచే పిట్టకూ మనకూ మధ్య కాడ అడ్డం వచ్చిపోయినా అది పిట్టను వదలదు. ఇందులో తిరకాసు ఏమిటంటే, మొదటే కాడను పట్టుకుంటే దాన్నీ అంతే గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు వేలు తీసి మళ్లీ మొదలుపెట్టడమే దారి.

గాలి ఉన్నప్పుడు కాడలు ఊగి సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. నాలుగైదు ఫ్రేముల చిన్న చిన్న బర్స్ట్‌లు (వరస ఫొటోలు) తీస్తే ఒకటైనా కన్ను తెరిపిలో ఉన్నది దొరుకుతుంది. ఒకే బర్స్ట్‌లో యాభై తీస్తే బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండి, అసలు క్షణంలో కెమెరా మొరాయిస్తుంది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఈ పక్షులకు వరమే. సెన్సర్ నెమ్మదిగా చదివే కెమెరాల్లో, నడిచే పిట్ట వెంట లెన్స్ తిప్పుతూ తీస్తే నిలువు కాడలన్నీ ఒక పక్కకు వాలిపోయినట్టు వస్తాయి. కదలకుండా తీస్తే ఆ ఇబ్బంది లేదు.

వెలుతురు, వేగం

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. గుబురు లోపల వెలుతురు బయటికన్నా రెండు మూడు స్టాప్‌లు తక్కువ (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది). నడిచే క్రేక్‌కి 1/500 నుంచి 1/1000, చేపను పొడిచే బిట్టర్న్‌కి 1/2000, బిగుసుకుపోయిన బిట్టర్న్‌కో రంగుల ఉల్లంకికో, లెన్స్‌కి ఆధారం బాగుంటే, 1/100 చాలు. తోక ఊపుతూ ఉండే పిట్టకు 1/100 చాలదు. అపర్చర్, షట్టర్ మనం పెట్టి, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) ఆటోలో 6400 దాకా వదిలేయడం పనికొచ్చే పద్ధతి. గింజలు పడిన ఫొటోను బాగుచేయవచ్చు, అదిరిన ఫొటోను బాగుచేయలేం.

ఎక్స్‌పోజర్ ఇబ్బంది పెట్టేది తెల్లరొమ్ము నీటికోడి. వీపు బొగ్గు రంగు, ముఖం, రొమ్ము తెల్లన. ఎండలో వీపును చూసి ఎక్స్‌పోజర్ పెంచితే రొమ్ము మీద ఈక ఒక్కటీ మిగలదు. మూడింట రెండు స్టాప్‌లు తగ్గించి తెలుపును కాపాడుకోవాలి. వాటర్‌కాక్ మగపక్షికి తెలుపు బెడద లేదు కానీ, పచ్చటి పైరును చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ సరేనన్న ఎక్స్‌పోజర్‌లో పిట్ట నల్లటి మచ్చగా వస్తుంది. దానికి పెంచాలి. పలుచటి మబ్బు పట్టిన పొద్దు వీటన్నిటికీ మంచిది. కాడల నీడలు పిట్ట మీద చారలుగా పడవు.

కారు, దోనె, ఆవిరి

గట్ల మీద కారే మంచి చాటు. ఇంజన్ ఆపేయాలి, అదురు లెన్స్ దాకా వస్తుంది. కిటికీ మీద లెన్స్ ఆనించే బీన్‌బ్యాగ్ సంచికి ఊక పనికిరాదు, తేలిక. రెండు కిలోల వడ్లో శనగలో పోసి, తేమకు నానకుండా లోపల ప్లాస్టిక్ సంచి వేసుకోవాలి. చాలామంది గమనించనిది ఏసీ సంగతి. లోపల చల్లగాలి, బయట వేడిగాలి కిటికీ దగ్గర కలుసుకుని గాలి అల్లాడుతుంది. 600 మి.మీ. లెన్స్‌లో అది ప్రతి ఫ్రేమ్‌నీ మెత్తబరుస్తుంది. లెన్స్ పాడైందని సర్వీసుకు పంపేవాళ్లున్నారు. ఏసీ ఆపి, నాలుగు అద్దాలూ దించి, పది నిమిషాలు ఆగాక తీసి చూస్తే తెలుస్తుంది. ఎండ ఎక్కాక బురద మీద నుంచి లేచే వేడిగాలి వల్ల వచ్చే మెత్తదనానికి మాత్రం విరుగుడు లేదు, దగ్గరగా ఉన్న పిట్టను తీయడం తప్ప. ఏసీ గదిలో నుంచి తెల్లవారుజామున తేమలోకి తీసుకెళ్లిన లెన్స్ అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్ తీయకుండా అరగంట బయట ఉంచితే సర్దుకుంటుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

దోనె మీద నుంచి తీయాలంటే ట్రైపాడ్ వద్దు. దోనె అదురంతా అది లెన్స్‌కి అందిస్తుంది. చేత్తో పట్టుకుని 1/1600కు తగ్గకుండా తీయాలి. తెడ్డుతో కాకుండా గడతో నెట్టే మనిషి దొరికితే శబ్దం తక్కువ. గుబురు దగ్గరికి పోనివ్వకుండా 15 మీటర్ల అవతలే గడ నాటి ఆగమనాలి. లోపలికి చొచ్చుకుపోతే బిట్టర్న్‌లు లేచిపోతాయి, గూళ్లు ఒరిగిపోతాయి.

అడ్డొచ్చిన కాడలను కోసేసి సందు చేసుకోవడం కొందరికి అలవాటు. ఆ కాడలే గూటికి పైకప్పు. కోసిన చోటు కాకులకూ గద్దలకూ దారి. కాడలను పక్కకు వంచి కట్టినా ఎండ సూటిగా గుడ్ల మీద పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని వేట కిందే లెక్కగడుతుంది. అభయారణ్యంలోకి వెళ్లి ఫొటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఫోన్లో అరుపు వినిపించి పిట్టను బయటికి రప్పించడం ఇంకో అడ్డదారి. వానాకాలంలో హద్దులు కాచుకునే మగపక్షి, ఎవరో చొరబడ్డారనుకుని మేత, గూడు వదిలి తిరుగుతుంది. రంగుల ఉల్లంకిలో పొదిగేదీ పిల్లలను సాకేదీ మగపక్షే కాబట్టి, దాన్ని లేపితే గూడు దగ్గర ఇంక ఎవరూ ఉండరు. పైగా అరుపుకు వచ్చిన పిట్ట మెడ చాచి, బెదురు కళ్లతో, దాదాపు ఎప్పుడూ ఆకు చాటు నుంచే చూస్తుంది. ఫొటోగా కూడా అది తీసికట్టే.

ఏ ఫ్రేమ్ ఉంచాలి

కన్నూ ముక్కూ అడ్డు లేకుండా ఉంటే, ఒంటి మీదుగా ఒకటి రెండు కాడలు పోయినా ఫొటో నిలుస్తుంది. కాడ కంటి మీదుగా పోతే నిలవదు. ఈ ఒక్క కొలతతో వందలో ఎనభై ఫ్రేములు తీసేయొచ్చు. కాడలను సాఫ్ట్‌వేర్‌తో చెరిపేసి, వాటి వెనుక ఈకలను అదే కల్పించుకునేలా చేయడం ఇప్పుడు రెండు నిమిషాల పని. గోడకు తగిలించుకునే బొమ్మకైతే మీ ఇష్టం. ఫలానా పక్షి కనబడిందన్న రికార్డుగా పంపే ఫొటోకి మాత్రం అది చేయకూడదు, ఎందుకంటే క్రేకులను గుర్తుపట్టేది ఆ ఈకలతోనే. బెయిలన్స్ క్రేక్‌కి పక్కల మీద నలుపు తెలుపు పట్టీలు, ఆకుపచ్చ ముక్కు ఉంటాయి. ముక్కు మొదట్లో ఎరుపు ఉండదు. రడ్డీ బ్రెస్టెడ్ క్రేక్‌కి ఎర్రటి కాళ్లు, పట్టీలు తోక కింద, పొట్ట వెనుక భాగంలోనే. బ్రౌన్ క్రేక్‌కి ఎక్కడా పట్టీలుండవు. స్లేటీ బ్రెస్టెడ్ రెయిల్‌కి ముక్కు పొడుగు, నెత్తి మీద ఇటుక రంగు, వీపంతా సన్నని తెల్లటి గీతలు.

కాబట్టి అందమైన ఫ్రేమ్ ఒకటి దొరికాక ఆగకుండా, కాళ్లు కనిపించేది ఒకటి, తోక కింద భాగం కనిపించేది ఒకటి తీసి ఉంచుకోండి. కాడలు అడ్డున్నా, మసకగా ఉన్నా పరవాలేదు. పిట్ట మనకు వీపు చూపించి సొరంగంలోకి దూరే చివరి క్షణంలో తోక నిక్కబొడుచుకుంటుంది. తోక కింద పట్టీలు కనిపించేది అప్పుడే. చాలామంది ఆ క్షణానికి కెమెరా దించేసి, స్క్రీన్ మీద ముందు తీసిన ఫొటో చూసుకుంటూ ఉంటారు.